గాలిలో మాటకూ ఓ మర్యాద

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులకు మొదటి పది రోజులు ఇట్టే గడిచిపోతాయి. ఆ తర్వాత పగలు గడవడం కష్టం. మన ఊళ్లో వాకిట్లో కుర్చీ వేసుకుంటే చాలు. పాలవాడు, కూరల బండి, గుడి మైకు, పక్కింటి పంచాయతీ అన్నీ చెవిన పడతాయి. ఊరు ఎలా ఉందో ఎవర్నీ అడక్కుండానే తెలిసిపోతుంది. షికాగో పక్కన నేపర్‌విల్‌లో మా అమ్మాయి వాళ్ల వీధి అలా కాదు. పచ్చిక, చెట్లు, జారిపోయే కార్లు, అంతే. మనిషి గొంతు వినపడదు.

ఆ ఊరి గొంతు నాకు మొదటిసారి వినిపించింది అరచేతిలో ఇమిడే ఓ చిన్న స్కానర్‌లో. అల్లుడు ఎప్పుడో కొని అల్మరాలో పడేసింది. ఆ వేసవి సెలవుల్లో నేనూ, పదేళ్ల మనవడూ దాన్ని వెంటబెట్టుకుని తిరిగాం. తిరిగిన చోటల్లా ముందు చూశాం, ఆ తర్వాత విన్నాం. ఒక ప్రాంతం తన పనులు తాను ఎలా చక్కబెట్టుకుంటుందో వినికిడిలోనే ఎక్కువ తెలిసింది.

చెవి మాత్రమే ఉన్న రేడియో

స్కానర్‌కు చెవి ఉంటుంది, నోరుండదు. ఇంట్లో ఎఫ్.ఎం. రేడియో 88 మెగాహెర్ట్జ్ నుంచి 108 దాకా పలికి ఆగిపోతుంది. స్కానర్ అక్కణ్ణుంచి పైకి పోతుంది. 118 నుంచి 137 వరకు విమానాల మాటలు, 156 నుంచి ఓడల మాటలు, 160 దాటాక రైళ్ల మాటలు, ఆ పైన 162.400 నుంచి 162.550 దాకా ఏడు చానళ్లలో అమెరికా వాతావరణ శాఖ ప్రసారాలు. ఒక్కో చానల్ తలుపు తట్టి, లోపల ఎవరూ లేకపోతే మరుక్షణంలో పక్క చానల్‌కు వెళ్లడం దాని పని. ఎవరిదైనా గొంతు దొరికితే అక్కడ ఆగుతుంది.

దాని మీద స్క్వెల్చ్ అని ఓ మీట ఉంటుంది. ఎవరూ మాట్లాడనప్పుడు రేడియోలో జోరువానలాంటి హోరు వినిపిస్తుంది కదా, ఆ హోరు ఉన్నంతసేపూ స్పీకరును మూసి ఉంచేది అదే. బలమైన సంకేతం రాగానే తెరుస్తుంది. మీటను మరీ బిగిస్తే దూరపు గొంతులు పోతాయి, మరీ వదిలేస్తే హోరు తప్ప ఏమీ మిగలదు. రెండింటి మధ్య ఆ చోటు వెతికి పట్టుకోవడం మనవడు నాకంటే ముందే నేర్చాడు.

మేం మొదట పట్టింది 162.550. షికాగో వాతావరణ రేడియో. రోజుకు ఇరవై నాలుగు గంటలూ ఓ కంప్యూటర్ గొంతు గాలివేగం, వాన సూచన, మిషిగన్ సరస్సులో అలల ఎత్తు చదువుతూనే ఉంటుంది. టోర్నడోలాంటి ముప్పు వస్తే ముందు 1050 హెర్ట్జ్ స్వరం ఒకటి గట్టిగా మోగుతుంది. ఆ స్వరం వింటే నిద్రలో ఉన్న రేడియో కూడా దానంతట అదే మేల్కొని అరిచేలా తయారుచేస్తారు. ఏ జిల్లాకు ముప్పో చెప్పే అంకెల సంకేతం కూడా ఆ ప్రసారంలోనే ఉంటుంది కాబట్టి, పక్క జిల్లా గాలివానకు మన ఇంట్లో రేడియో అరవాల్సిన పని లేదు.

ఇంత పెద్ద దేశానికి ఏడే చానళ్లు ఎలా సరిపోతున్నాయి? ఈ తరంగాలు ఎక్కువ దూరం పోలేవు కాబట్టే సరిపోతున్నాయి. ఇవి ఇంచుమించు చూపు ఆనినంత మేరే వెళ్తాయి. భూమి గుండ్రంగా ఉంది కనుక ఎత్తును బట్టి దూరం. లెక్క తేలిక: ఏంటెనా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. అటువైపు ఎత్తుకూ, ఇటువైపు ఎత్తుకూ విడివిడిగా లెక్కేసి కలపాలి. ఛాతీ ఎత్తున, అంటే మీటరున్నర ఎత్తున సెట్లు పట్టుకున్న ఇద్దరు చదునైన నేల మీద దాదాపు పది కిలోమీటర్ల దాకానే మాట్లాడుకోగలరు. నూరు మీటర్ల స్తంభం మీది ప్రసారం నా చేతిలోని స్కానర్‌కు 46 కిలోమీటర్ల దాకా అందుతుంది. పది వేల మీటర్ల ఎత్తున ఎగిరే విమానం పైలట్ గొంతైతే 400 కిలోమీటర్లు దాటి వస్తుంది. అందుకే మా పెరట్లో కూర్చున్నా పైలట్ మాటలు స్పష్టంగా వినిపించేవి, అతనికి జవాబు చెప్పే నేల మీది గొంతు మాత్రం వినిపించేది కాదు.

రైలు తన ఆరోగ్యం తానే చెప్పుకున్న చోటు

షికాగోకు పడమరగా గంటన్నర ప్రయాణంలో రోషెల్ అనే చిన్న ఊరుంది. రెండు పెద్ద రైలు కంపెనీల జంట లైన్లు అక్కడ ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ పోతాయి. ఆ కూడలి పక్కనే 1998లో ఊరివాళ్లు రైళ్లు చూడటానికే ఓ పార్కు కట్టారు. పందిరి కింద బల్లలు, దాని చూరుకు ఓ స్పీకరు. రైలు సిబ్బంది రేడియో మాటలు ఆ స్పీకరులో అందరికీ వినిపిస్తుంటాయి.

అక్కడ మేం ఓ ధాన్యం రైలు చూశాం. ముందు మూడు ఇంజిన్లు, వెనక ఒకే తీరు వ్యాగన్లు. మనవడు వేళ్లు మడుస్తూ లెక్కపెట్టి, "నూట తొమ్మిది, తాతయ్యా!" అన్నాడు. కొంతసేపటికి స్కానర్లో ఓ యంత్రపు గొంతు పలికింది. ఫలానా మైలురాయి, ఫలానా ట్రాక్, లోపాలేమీ లేవు, మొత్తం ఇరుసులు 458. మనవడు కాగితం తీశాడు. ఇంజినుకు ఆరు ఇరుసుల చొప్పున పద్దెనిమిది తీసేస్తే 440. వ్యాగనుకు నాలుగు. నూట పది! ఒకటి తప్పిపోయిందని తెలిశాక వాడికి ఆ యంత్రం మీద గౌరవం పెరిగింది.

అది పట్టాల పక్కన కాపుకాసే పరికరం. చక్రం ఇరుసు తిరిగే బేరింగు దగ్గర వేడి ఎంత ఉందో, పైనుంచి దూసుకుపోతున్న రైలును ముట్టకుండానే పరారుణ కిరణాలతో కొలుస్తుంది. చివరి చక్రం దాటాక ఇంజినులో ఉన్నవాళ్లకు రేడియోలో మాటలతోనే ఫలితం చెబుతుంది. పూర్వం ఇరుసు పెట్టెలో నూనెలో నానబెట్టిన పీచు కుక్కేవారు. నూనె ఇంకిపోతే రాపిడికి అది అంటుకునేది. అందుకే ఈ పరికరానికి హాట్ బాక్స్ డిటెక్టర్ అనే పేరు నిలిచిపోయింది.

ఆ చిన్న మాట ఎంత విలువైనదో 2023 ఫిబ్రవరి 3 రాత్రి ఒహాయోలోని ఈస్ట్ పాలస్టీన్ చూపించింది. ఓ గూడ్సు రైలు బేరింగు వేడెక్కుతూ వచ్చింది. మొదటి డిటెక్టర్ దగ్గర చుట్టూ గాలి కంటే 21 సెల్సియస్ డిగ్రీలు ఎక్కువ, రెండో దాని దగ్గర 57 డిగ్రీలు, మూడో దాని దగ్గర 141 డిగ్రీలు. మూడోది హెచ్చరించింది, సిబ్బంది బ్రేకులు వేశారు. అప్పటికే సమయం మించిపోయి రైలు పట్టాలు తప్పింది, అందులోని విషరసాయనాల ట్యాంకర్ల వల్ల ఊరు నెలల తరబడి అల్లాడింది. మొదటి రెండు పరికరాలూ కొలిచాయి గానీ హెచ్చరించాల్సిన గీత ఆ వేడికి చాలా పైన ఉంది. ఆ వేడి పరికరం పరికరానికీ పెరుగుతోందా అని పోల్చి చూసే మాట ఒకటి మధ్యలో ఉండి ఉంటే అన్న బాధ ఇప్పటికీ నిపుణులది.

ఆ పార్కులో మరొకటి గమనించాం. కంట్రోలర్ ఆదేశం చెప్తాడు. రైలు సిబ్బందిలో ఒకరు దాన్ని రాసుకుని, రాసుకున్నది పొల్లుపోకుండా తిరిగి చదువుతారు. కంట్రోలర్ విని, సరిపోయిందంటాడు. అప్పుడే ఆ ఆదేశానికి ప్రాణం. అంకెలు కూడా 'ఫార్టీ ఫైవ్' అని ఊరుకోరు, 'ఫోర్, ఫైవ్' అని విడదీస్తారు. చాదస్తమనిపిస్తుంది. కానీ కారణం తరంగంలోనే ఉంది. ఒక్కో చానల్‌కు కేటాయించిన ఇరుకు దారిలో మనిషి గొంతులో దాదాపు 300 నుంచి 3000 హెర్ట్జ్ మధ్య భాగమే పడుతుంది. 'స', 'ఫ' లాంటి ఊదుడు శబ్దాల బలమంతా ఆ పైన ఉంటుంది, అది దారిలో రాలిపోతుంది. ఫోన్లో మన పేరు చెప్పేటప్పుడు 'ఎస్ ఫర్ సీత' అని పట్టి పట్టి చెప్పాల్సి రావడం అందుకే. పైలట్లు తొమ్మిదిని 'నైనర్' అని సాగదీయడమూ, అక్షరాలను ఆల్ఫా, బ్రేవో అని పలకడమూ ఆ రాలిపోయిన భాగానికి కట్టిన నష్టపరిహారమే.

రెక్కలు ఊపి ఇచ్చే జవాబు

జూలై ఆఖరు వారంలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కాష్ అనే ఊరికి పది వేలకు పైగా విమానాలు వస్తాయి. చిన్న సొంత విమానాలు, పాత యుద్ధవిమానాలు, ఇంటి షెడ్లో తయారుచేసుకున్నవీ. ఎయిర్‌వెంచర్ అనే ఆ ఉత్సవం జరిగినన్నాళ్లూ అక్కడి కంట్రోల్ టవర్ ప్రపంచంలోనే అత్యంత రద్దీ టవర్. ఆ రద్దీని ఎలా సంబాళిస్తారో వినడానికే మేం మూడు గంటలు కారులో వెళ్లాం.

ఎక్కువ విమానాలు రిపన్ అనే ఊరి మీదకు వచ్చి, అక్కణ్ణుంచి రైలు పట్టాల వెంబడి ఒకదాని వెనక ఒకటి అరమైలు ఎడంతో ఫిస్క్ అనే పల్లె దాకా రావాలి. ఫిస్క్‌లో నేల మీద కూర్చున్న కంట్రోలర్లు బైనాక్యులర్లతో ఆకాశం చూస్తూ, 120.7 మెగాహెర్ట్జ్ మీద రంగును బట్టీ ఆకారాన్ని బట్టీ పిలుస్తారు. 'కింది రెక్కల ఎర్ర విమానం, రెక్కలు ఊపు' అంటారు. పైన ఆ ఎర్ర విమానం నిజంగానే రెక్కలు అటూ ఇటూ వాలుస్తుంది. అంతే జవాబు. పైలట్ నోరు తెరవడు. తెరవకూడదని ముందే రాతపూర్వకంగా నియమం.

ఎందుకు? చానల్ అంటే ఒకే మనిషి పట్టే గుమ్మం. ఒక్కో పైలట్ తన పేరు, ఎత్తు, ధన్యవాదం చెప్పడానికి ఐదు సెకన్లు తీసుకుంటే, నిమిషానికి పన్నెండు మంది మాట్లాడాక కంట్రోలర్‌కు చోటే మిగలదు. అందుకే జవాబును రేడియో నుంచి తప్పించి కంటి దారిలోకి మళ్లించారు. మాట చేరిందన్న రుజువు ఉంది, గుమ్మం మాత్రం ఖాళీగా ఉంది. నాకు ఆ రోజు ఆకాశంలో ఎగిరిన అన్ని విన్యాసాల కంటే ఈ ఆలోచనే గొప్పగా అనిపించింది.

విమానాలు ఈ రోజుకీ ఎ.ఎం. పద్ధతిలోనే మాట్లాడుకుంటాయి. ఎఫ్.ఎం.లో శబ్దం శుభ్రంగా ఉంటుంది గదా, ఎందుకు మారలేదని చాలామంది అడుగుతారు. ఎఫ్.ఎం. రిసీవర్‌కు ఒక గుణం ఉంది. ఒకేసారి ఇద్దరు మాట్లాడితే బలమైన గొంతును పట్టుకుని, బలహీనమైనదాన్ని పూర్తిగా మింగేస్తుంది. రెండో మనిషి ఉన్నాడనే తెలియదు. ఎ.ఎం.లో రెండు తరంగాలూ కలిసి వస్తాయి. వాటి ఫ్రీక్వెన్సీల్లో ఉండే చిన్న తేడా ఈలలా వినిపిస్తుంది. మాట తెలియకపోయినా, మరో మనిషి మాట్లాడబోయాడని తెలుస్తుంది. మళ్లీ చెప్పమని అడగవచ్చు.

అడగకపోతే ఏమవుతుందో 1977 మార్చి 27న టెనెరిఫే దీవి చూసింది. పొగమంచులో ఒకే రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు. ఒకటి ఎగరడానికి పరుగు మొదలుపెట్టింది, రెండోది ఇంకా ఆ రన్‌వే మీదే నడుస్తోంది. ఆగమనే టవర్ మాటా, మేమింకా రన్‌వే మీదే ఉన్నామనే రెండో విమానం మాటా ఒకే క్షణంలో బయల్దేరాయి. మొదటి విమానంలో వినిపించింది ఆ రెండూ కాదు, దాదాపు మూడు సెకన్ల కీచు. 583 మంది చనిపోయారు. ఆ తర్వాత 'టేకాఫ్' అనే మాటను ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడో, ఆ అనుమతి రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదని నియమం చేశారు. రేడియోలో ఒక పదాన్ని పొదుపుగా దాచుకోవడం వెనక అంత దుఃఖం ఉంది.

సరస్సు మీద గాలి నాళం

తిరుగు ప్రయాణంలో మిల్వాకీ దగ్గర మిషిగన్ సరస్సు ఒడ్డున ఆగాం. సరస్సు అనడమే గానీ అవతలి ఒడ్డు కనపడదు. వంద కిలోమీటర్లకు పైమాటే. అయినా ఆ సాయంత్రం కారు రేడియోలో అవతలి ఒడ్డు ఎఫ్.ఎం. స్టేషన్లు పక్క వీధిలోవిలా పలికాయి. ఇందాక చెప్పుకున్న లెక్క ప్రకారం రాకూడదు.

వేసవిలో సరస్సు నీరు చల్లగా ఉంటుంది, నేల మీంచి వచ్చే గాలి వేడిగా ఉంటుంది. నీటిని ఆనుకుని చల్లటి పొర, దానిపైన వేడి పొర. ఎండాకాలం తారు రోడ్డు మీద ఎండమావి కనిపించేది ఎందుకు? కింద గాలి వేడిగా, పైన చల్లగా ఉండి వెలుతురు పైకి వంగుతుంది. ఇక్కడ తిరగబడింది. కింద చల్లన, పైన వెచ్చన. రేడియో తరంగం కిందికి వంగి, భూమి ఒంపును అనుసరిస్తూ, నీటికీ, ఆ వెచ్చటి పొరకూ నడుమ నాళంలో నీళ్లలా పారుతుంది. మన బంగాళాఖాతం తీరంలోనూ ఎండాకాలంలో ఇలాంటి నాళాలు ఏర్పడుతుంటాయి.

ఒడ్డున స్కానర్‌ను 156.8 మీద పెట్టాం. ఓడల లోకంలో అది పదహారో చానల్. అందరూ చెవి పెట్టి ఉంచాల్సిన చానల్. పిలవడానికీ, ఆపదలో కేక వేయడానికీ తప్ప కబుర్లకు వాడకూడదు. ఒకరినొకరు పిలుచుకుని వెంటనే వేరే చానల్‌కు వెళ్లిపోతారు, వీధి మధ్యలో కలిసిన ఇద్దరు నలుగురికీ అడ్డం కాకుండా పక్కకు జరిగినట్టు. ఎవరైనా మూడుసార్లు 'మేడే' అంటే మిగతా అందరి నోళ్లూ మూతపడాలి. ఆ పదాన్ని 1920లలో లండన్ శివారు క్రాయిడన్ విమానాశ్రయంలో రేడియో అధికారి ఫ్రెడరిక్ మాక్‌ఫర్డ్ ఎంచాడు. 'నాకు సాయం చేయండి' అనే అర్థమిచ్చే ఫ్రెంచి మాటకు దగ్గరి ఉచ్చారణ అది. మోర్సులో ఎస్.ఓ.ఎస్. బాగానే ఉన్నా, గొంతుతో చెప్పేటప్పుడు 'ఎస్' సరిగా వినపడదనే చిక్కు వచ్చింది. మళ్లీ ఆ రాలిపోయే 'స'కారమే!

వినదగినవీ, వినకూడనివీ

ఒకటి స్పష్టంగా చెప్పాలి. గాలిలో ఉన్నదంతా మనది కాదు. అమెరికాలో 1934 నాటి చట్టం, ఇతరుల రేడియో సంభాషణ చెవిన పడితే దాన్ని బయటపెట్టకూడదని, సొంత లాభానికి వాడుకోకూడదని ఆంక్షలు పెట్టింది. సెల్‌ఫోన్ మాటలు వినడాన్ని 1986లో నేరం చేశారు. 1994 నుంచి ఆ ఫ్రీక్వెన్సీలు పట్టే స్కానర్ల తయారీనే ఆపేశారు. షికాగో పోలీసులు 2022 నుంచి తమ మాటలను సంకేత భాషలోకి మార్చడం మొదలుపెట్టారు. కార్లో స్కానర్ పెట్టుకోవడం మీద ఆంక్షలున్న రాష్ట్రాలూ ఉన్నాయి. మన దేశంలో పద్ధతి ఇంకా కట్టుదిట్టం. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే 1933 చట్టం ప్రకారం తప్పు. ఆ పాత చట్టం స్థానంలో 2023లో టెలికమ్యూనికేషన్స్ చట్టం తెచ్చారు. కాబట్టి అక్కడ కొన్న స్కానర్‌ను సూట్‌కేసులో పడేసుకుని రావద్దు. ఇక్కడ ఈ లోకంలోకి రాజమార్గం ఔత్సాహికుల హామ్ రేడియో. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంటే వినడమే కాదు, మాట్లాడవచ్చు కూడా.

ఆ మార్గంలో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోది పెద్ద పేరు. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ ఆధ్వర్యంలో ఓ బృందం అండమాన్ దీవులకు వెళ్లింది. ఎన్నో ఏళ్లుగా అక్కణ్ణుంచి హామ్ ప్రసారం లేదు. ప్రపంచం నలుమూలల హామ్‌లు ఆ దీవి గొంతు కోసం ఎదురుచూస్తున్నారు, బృందం ఒక్కొక్కరికీ జవాబిస్తోంది. డిసెంబరు 26 పొద్దున భూమి కంపించింది, సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. సరదాగా మొదలైన ఆ స్టేషనే దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య క్షేమసమాచారాలు మోసే దారి అయింది. ఫలానావారు బతికే ఉన్నారు అన్న కబురు ఆ సెట్టు మీదుగానే ఎన్నో ఇళ్లకు చేరింది.

సముద్రం మీద ఆపదలో కబురు మోసేది మరొకటి ఉంది. మన మత్స్యకారులు వేటకు వెళ్లేటప్పుడు పట్టుకెళ్లే ఆపద సంకేత పరికరాన్ని ఇస్రో తయారుచేసింది. మొదటి తరం పరికరంలో మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు కబురు చేరేది. కానీ చేరిందో లేదో పడవలో ఉన్నవాడికి తెలిసేది కాదు. 2024 జనవరిలో ఇస్రో వివరించిన రెండో తరం పరికరంలో ఒడ్డు నుంచి 'అందింది' అనే జవాబు పడవకు తిరిగి వస్తుంది. రోషెల్ రైలు సిబ్బంది తిరిగి చదివిన ఆదేశం, ఆష్‌కాష్ మీద ఊగిన రెక్క, నడిసముద్రంలో వెలిగే ఈ చిన్న జవాబు, మూడూ ఒకటే. చెప్పినవాడికి చేరిందని తెలిసేదాకా గాలిలో మాట సగమే.

ఇంటికి తిరిగి వచ్చాక ఓ పని మీద ప్యాసింజరులో పోతుంటే, క్రాసింగు కోసం ఓ చిన్న స్టేషన్లో బండి ఆపారు. ఎక్స్‌ప్రెస్ ఒకటి దుమ్ము లేపుతూ దూసుకుపోతోంది. ప్లాట్‌ఫారం మీద స్టేషన్ మాస్టరు, పట్టాలకు అవతల ఖాకీ చొక్కా పాయింట్స్‌మన్ చేతుల్లో పచ్చజెండాలు పట్టుకుని చక్రాల వంక చూస్తున్నారు. ఏ ఇరుసైనా వేడెక్కి పొగ వస్తోందా, ఏదైనా వేలాడుతోందా అని. ఇన్నేళ్లలో అలాంటి స్టేషన్లు ఎన్ని దాటానో, వాళ్లు అలా ఎందుకు నిలబడతారని ఎప్పుడూ ఆలోచించలేదు. చివరి పెట్టె దాటుతుంటే గార్డు బయటికి వంగి తన పచ్చజెండా చూపించాడు. అది చూశాకే పాయింట్స్‌మన్ జెండా చుట్టి చంకలో పెట్టుకున్నాడు.